మగవాడి రొమ్ములో గడ్డ ఒక్కడి జబ్బు కాదు

రొమ్ము క్యాన్సర్ రోగుల్లో మగవాళ్లు దాదాపు నూటికి ఒక్కరు. ఆ ఒక్కరూ తరచు ఆలస్యంగానే వస్తారు. ముప్ఫై దాటిన ఆడవాళ్లకు రొమ్ము పరీక్ష జాతీయ కార్యక్రమంలో భాగం. మగవాళ్లను అడిగేవారు లేరు. అమలాపురంలోనైనా రాజోలులోనైనా చొక్కా లేకుండా కొబ్బరి దింపు తీసే మనిషికి చనుమొన కింద గడ్డ చేతికి తగలకపోదు. చెట్టు రాపిడికి వచ్చిందిలే అని సరిపెట్టుకుంటాడు. వయసు మళ్లాక హార్మోన్ల తేడా వల్ల వచ్చే వాపు చనుమొన చుట్టూ సమంగా ఉంటుంది, నొక్కితే తరచు నొప్పి. క్యాన్సర్ గడ్డ గట్టిగా, ఒక పక్కకు, చాలావరకు నొప్పి లేకుండా పెరుగుతుంది. చనుమొన లోపలికి లాక్కుపోయినా, బనీనుకు రక్తపు మరక అంటినా ముక్క పరీక్ష తప్పదు. జబ్బు తేలాక వైద్యం అతనికి, ఆరా కుటుంబమంతటికీ అన్నది నా వాదన.

1992లో బ్రిటన్ పరిశోధకులు రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఇద్దరు అన్నదమ్ముల్లో ఆండ్రోజన్ రిసెప్టర్ జన్యువు పుట్టుకతోనే దెబ్బతిందని కనుగొన్నారు. ఆ రిసెప్టర్ సరిగా పనిచేయకపోతే ఒంట్లో టెస్టోస్టిరాన్ ఉన్నా దాని ప్రభావం కణాలకు అందదు, ఈస్ట్రోజన్‌ది పైచేయి అవుతుంది. ఇది ఎక్స్ క్రోమోజోము మీది జన్యువు కనుక కొడుకులకు తల్లి నుంచే వస్తుంది. ఇలాంటి కేసులు వేళ్ల మీద లెక్కపెట్టదగ్గవి. దీన్నీ రిపోర్టులో కనిపించే 'ఈస్ట్రోజన్ రిసెప్టర్ పాజిటివ్' అన్న మాటనూ కలిపేయకూడదు. అది గడ్డ లక్షణం, మగ రోగుల్లో నూటికి తొంభై మందిలో ఉండేదే, టామోక్సిఫెన్ మాత్ర పనిచేసేదీ దాన్ని పట్టుకునే. వంశపారంపర్యంగా ఎక్కువగా కనిపించేది 1995లో గుర్తించిన బీఆర్‌సీఏ2 జన్యువులోని లోపం. అది తల్లి నుంచైనా తండ్రి నుంచైనా రావచ్చు; ప్రతి బిడ్డకూ సగం అవకాశం. కొడుక్కి రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్ల ముప్పు పెరిగితే, కూతురికి రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు ఇంకా ఎక్కువ.

ఇంత అరుదైన జబ్బుకు ఇంత హడావుడి ఎందుకని అడగవచ్చు. ఊరందరికీ జన్యు పరీక్ష చేయమనడం లేదు. రోగి ఒక్కడికి చేస్తే చాలు. లోపం కనబడితేనే రక్తసంబంధీకుల వంతు. మేనరికం చేసుకోలేదు కనుక మాకు భయం లేదనేవారూ ఉంటారు. ఒక్క వైపు నుంచి వచ్చినా చాలు కాబట్టి ఆ ధీమా చెల్లదు. మాట బయటికి పొక్కితే ఆడపిల్లల సంబంధాలు తప్పిపోతాయన్న భయం వీటన్నిటికన్నా బరువైనది, దాన్ని కొట్టిపారేయలేం. అందుకే ఫలితం గుట్టుగా ఉంచే పూచీ వైద్యుడిదే. అయితే తండ్రి పరీక్ష వద్దంటే కూతురికి తన ముప్పు తెలిసేది తనకు గడ్డ వచ్చాకే. చేయించుకుంటే ఆమె ముందునుంచే ఎమ్మారై, మామోగ్రాములతో కనిపెట్టుకుని ఉండగలదు. తండ్రిలోని లోపం తనకు రాలేదని తేలితే ఆ బెంగే తీరుతుంది.