బంద్ రోజు బొజ్జన్నకొండ

2021 మార్చి 5. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీని అమ్మొద్దంటూ రాష్ట్రమంతా బంద్. ఆ సంగతి తెలిసీ ఎలమంచిలి అక్కావాళ్లింటి నుంచి కూర్మన్నపాలెంలోని మా ఇంటికి పొద్దున్నే స్ప్లెండర్ తీశాను. బైకే కదా, ఏదో ఒక సందు దొరక్కపోతుందా అని ధీమా. అనకాపల్లిలో సగం తలుపు వేసుకున్న టీ బడ్డీ దగ్గర ఓ లారీ డ్రైవరు ఆ ధీమా కాస్తా తీసేశాడు. "కూర్మన్నపాలెం కాడ రోడ్డు మీద కూకుండిపోనారు బాబూ. మద్దేన్నం దాకా ఎవుల్నీ ఒదల్రు."

కోపం రాలేదు. అలా కూర్చున్నవాళ్లలో మా నాన్నా ఉన్నారు. మా వీధిలో చాలా ఇళ్లు ఆ ఫ్యాక్టరీ జీతాలతో లేచినవే. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో 32 మంది ప్రాణాలు పోతే వచ్చిన ఫ్యాక్టరీ అది. ఓ పూట రోడ్డు ఆగితే ఏం పోయింది? బండి పక్కనే శంకరం ఊళ్లో ఉన్న బొజ్జన్నకొండ వైపు తిప్పాను.

అనకాపల్లి దాటానో లేదో, పొగతో కలిసి తియ్యటి వాసన. చెరకు తోట పక్కన బెల్లం వండుతున్నారు. పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోస్తూ ఒకడు, పెనంలో పొంగుతున్న రసం మీద మడ్డి తీస్తూ ఒకడు. చూస్తూ నిలబడ్డానని మూడోవాడు చెరకు ముక్కని పాకంలో ముంచి చేతికిచ్చాడు. నాలుక చుర్రుమంది. అయినా వదల్లేదు. అనకాపల్లి బెల్లం తిని పెరిగినవాణ్ణే గానీ, అది దిమ్మ కాకముందు ఇలా ఉంటుందని నాకేం తెలుసు?

కొండ దగ్గర మనిషన్నవాడు లేడు. ఓ మేక మాత్రం గుహ నీడలో పడుకుని, నన్ను చూసి కూడా లేవలేదు. లోపల రాతిలో తొలిచిన స్తూపం, పైన బుద్ధుడి బొమ్మలు. 1906 ప్రాంతంలో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్విస్తే సముద్రగుప్తుడి బంగారు నాణెం బయటపడింది. పక్కనున్న లింగాలకొండే నాకు ఇంకా నచ్చింది. ఇటుకా సున్నం జోలికి పోకుండా కొండనే చెక్కి, వరసలు వరసలుగా స్తూపాలు తీశారు. ఒకదాని మీద చెయ్యి వేస్తే ఎండకి వేడెక్కి ఉంది. కింద పచ్చటి పొలాలు. ఇన్నాళ్లూ హైవే మీద ఎనభైలో పోతూ ఈ కొండని బోర్డు మీద పేరుగానే చూశాను. ఒక్కణ్ణే గట్టిగా నవ్వుకున్నాను. ఎందుకో చెప్పమంటే చెప్పలేను.

కూర్మన్నపాలెం చేరేసరికి రోడ్డు తెరిచేశారు. నాన్న అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నారు, గొంతు బొంగురుపోయింది.

"ఎక్కడ ఇరుక్కుపోయావురా?"

చెప్పాను.

"బొజ్జన్నకొండా? చిన్నప్పుడు కనుమకి తీర్థానికెళ్లి, అక్కడున్నది రాక్షసుడి పొట్ట అని చెప్తే నమ్మి, దాని మీద రాళ్లు రువ్వేవాళ్లం. బుద్ధుడిదని ఎవడు చెప్పాడు మాకు?" కాసేపాగి, "ఆదివారం దీక్షా శిబిరంలో నా వంతు లేదు. పెట్రోలు కొట్టించి ఉంచు," అన్నారు.