పావుమైలులో మొదటి అరవై అడుగులు

హ్యూస్టన్‌లో ఐ-45 ఎక్కి ఉత్తరంగా పోతే ఎన్నిస్ దాదాపు 200 మైళ్లు. డాలస్‌లో చుట్టాలున్న తెలుగువాళ్లందరూ ఆ ఊరి బోర్డు చూసే ఉంటారు, ఆగినవాళ్లు మాత్రం తక్కువ. ఏప్రిల్లో బ్లూబానెట్ పూల మధ్య పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటోలు తీసుకోవడానికి కొందరు వెళ్తారు. మేం వెళ్లింది నవంబరులో, పూలు లేని కాలంలో, పావుమైలు కాంక్రీటు కోసం. కారు నా 2016 మస్టాంగ్ జీటీ. ఐదు లీటర్ల వీ8, 435 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్. పక్క సీట్లో మా బావమరిది. డిక్కీలో హెల్మెట్, టైర్ గేజి, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర.

హంట్స్‌విల్ దగ్గర చెట్ల మీదుగా సామ్ హ్యూస్టన్ తెల్లటి విగ్రహం కనిపించింది. 67 అడుగుల మనిషి, చేతికర్ర పట్టుకుని హైవేని కనిపెట్టుకుని ఉన్నట్టు నిలబడతాడు. అది దాటాక పైన్ అడవులు పలచబడి పచ్చిక మైదానాలు మొదలవుతాయి. మా వాడు డ్రాగ్ రేసింగ్‌లో నాకంటే సీనియర్. దారంతా నా ఎడమ కాలినే గమనిస్తున్నాడు.

"బావా, నువ్వు కారు ఎక్కడ నేర్చుకున్నావు?"

"బెజవాడలో. మారుతి 800 మీద."

"అయితే హాఫ్ క్లచ్ బాగా వచ్చే ఉంటుంది. సగం పని అయిపోయినట్టే."

దుర్గగుడి ఘాట్ రోడ్డు మీద, ముందు బస్సు, వెనక ఆటో, బండి ఒక్క అడుగు కూడా వెనక్కి జారకూడదు. క్లచ్ ఎక్కడ అందుకుంటుందో అరికాలికి అక్కడే తెలిసింది. అమెరికాలో ఇప్పుడు మాన్యువల్ కార్లు అరుదు. ఇక్కడ పుట్టి పెరిగిన కుర్రాళ్లు చాలామంది ఆ పాఠం ఈ ట్రాకులకి వచ్చాకే మొదలుపెడతారు.

కోర్సికానా మీదుగా వెళ్లాం. 1894లో ఆ ఊరివాళ్లు మంచినీళ్ల కోసం బావి తవ్విస్తే చమురు పడింది. టెక్సాస్ చమురు వ్యాపారం పుంజుకోవడానికి నాంది పలికిన ఊళ్లలో అదొకటి. అక్కడినుంచి ఎన్నిస్ ఎంతో దూరం లేదు. ఊళ్లో 287 హైవే పట్టుకుని పడమరగా కొద్ది దూరం వెళ్తే పొలాల మధ్య టెక్సాస్ మోటార్‌ప్లెక్స్ గ్యాలరీలు కనిపిస్తాయి.

రేసర్ బిల్లీ మేయర్ 1986లో కట్టించిన ట్రాక్ ఇది. తారు కాదు, పావుమైలు పొడవునా కాంక్రీటే. 1988 ఏప్రిల్ 9న ఎడ్డీ హిల్ టాప్ ఫ్యూయల్ తరగతి కారులో ఈ పావుమైలును 4.990 సెకన్లలో దాటాడు. ఐదు సెకన్ల గోడ మొదటిసారి బద్దలైంది ఇక్కడే. ఆ తరగతి కార్లు ఇప్పుడు పావుమైలు పరిగెత్తవు. స్కాట్ కలిట్టా 2008లో ప్రమాదంలో చనిపోయాక వాటి దూరాన్ని వెయ్యి అడుగులకు కుదించారు.

మాలాంటివాళ్లు వచ్చేది టెస్ట్ అండ్ ట్యూన్ సాయంత్రాలకి. రోజూ ఆఫీసుకి వెళ్లే కారుతోనే దిగొచ్చు. ముందు టెక్ ఇన్‌స్పెక్షన్: బ్యాటరీ కదలకుండా బిగించి ఉందా, ఎక్కడైనా కారుతోందా, సీటు బెల్టు సరిగ్గా ఉందా చూస్తారు. 13.99 సెకన్లు, అంతకంటే తక్కువలో పరిగెత్తే కారుకి హెల్మెట్ తప్పనిసరి. కార్లో విడిగా ఉన్నదంతా బయట పెట్టేయాలి. మా పులిహోర డబ్బా అలా కాంక్రీటు మీదికి చేరింది. ఏసీ కూడా ఆపేయాలి, అందులోంచి కారే నీటి చుక్కలు ట్రాక్ మీద పడకూడదు. వెనక టైర్లలో గాలి నాలుగైదు పీఎస్‌ఐ తగ్గించాం.

నా వంతు వచ్చేలోపు కంచె దగ్గర నిలబడి ముందువాళ్లని చూశాం. పాఠం మొత్తం అక్కడే ఉంది. ఒక కమారో ఇంజన్‌ని ఐదువేల ఆర్పీఎంకి లేపి క్లచ్‌ని ఒక్కసారిగా వదిలేసింది. వెనక చక్రాలు పొగలో గిరగిరా తిరిగాయి, కారు మాత్రం అక్కడే ఉంది. టైరు కొద్దిగా జారుతున్నప్పుడే దాని పట్టు ఎక్కువ. అదుపు తప్పి తిరగడం మొదలయ్యాక ఆ పట్టు పడిపోతుంది. ఆ వెనకే వచ్చిన చిన్న మియాటా దీనికి పూర్తిగా ఎదురు. ఆర్పీఎం సరిగా లేపకుండానే క్లచ్ వదిలేసరికి ఇంజన్ గొంతు పూడుకుపోయి, కారు ఈడ్చుకుంటూ కదిలింది. దీన్నే బాగ్ అవడం అంటారు. ఈ రెంటి మధ్య ఉన్న సన్నటి సందులో బండిని నడపడమే లాంచ్.

స్టార్ట్ లైన్ దగ్గర నీళ్లు పోసిన గుంట ఉంటుంది. రేసు టైర్లవాళ్లు అందులో తడిపి, బర్నవుట్ చేసి టైర్లను వేడెక్కిస్తారు. మామూలు టైర్లవాళ్లం పక్కనుంచి చుట్టి వెళ్లాలి. టైరు గాడుల్లో చేరిన నీరు లైను దాకా వచ్చిందంటే మనమూ జారతాం, వెనకవాళ్లూ జారతారు. లైను దగ్గర ట్రాక్‌కి రబ్బరు, ట్రాక్షన్ కాంపౌండ్ పట్టించి ఉంటాయి. అంతకుముందు కంచె దాటి రెండడుగులు వేస్తే బూట్లు బెల్లం పాకంలో దిగినట్టు అతుక్కున్నాయి.

ఫస్ట్ గేర్‌లో అంగుళం అంగుళం జరిపాను. ముందు చక్రం మొదటి కిరణాన్ని అడ్డుకోగానే ప్రీ స్టేజ్ లైటు వెలిగింది, ఇంకొంచెం జరిపితే స్టేజ్ లైటు. అది వెలగగానే ఆగిపోవాలి. ఎదురుగా క్రిస్మస్ ట్రీ. పసుపు లైట్లు మూడు, అర సెకనుకొకటి. తర్వాత పచ్చ. పచ్చ చూసి కదిలితే అప్పటికే ఆలస్యం, మూడో పసుపుకే కాలు కదలాలి. అయితే కొత్తవాళ్లు దీని గురించి కంగారుపడక్కర్లేదు. ఈటీ, అంటే లైను నుంచి చివరిదాకా పట్టే సమయం, దాని గడియారం మొదలయ్యేది మన చక్రం కిరణాన్ని వదిలినప్పుడే. రియాక్షన్ టైమ్ లెక్క వేరు.

మా వాడు చెప్పింది చెప్పినట్టు చేశాను. క్లచ్ పూర్తిగా నొక్కి, ఆర్పీఎం 2,500 దగ్గర నిలిపాను. మూడో పసుపుకి క్లచ్‌ని అందుకునే చోటు దాకా చప్పున తెచ్చి, అక్కడ ఒక్క క్షణం ఆపి, అప్పుడు పూర్తిగా వదిలాను. ఎడమ కాలు లేస్తుంటే కుడి కాలు యాక్సిలరేటర్‌ని మెల్లగా నొక్కుతూ పోయింది. కారు వెనక భాగం కిందికి కుంగి, బరువంతా వెనక చక్రాల మీద పడింది. ఆ బరువు వచ్చి చేరేదాకా ఆగగలగడమే ఇందులో కష్టమైన పని. ఆగకపోతే కమారో గతే. వెనక భాగం కుంగిన తర్వాతే పెడల్ నేలకి ఆనాలి. 6,500 దాటగానే యాక్సిలరేటర్ వదిలి, క్లచ్ కొట్టి, సెకండ్. మిగతా దారంతా ఇంజన్ చూసుకుంటుంది.

తిరుగు దారిలో బూత్ దగ్గర టైమ్ స్లిప్ ఇచ్చారు. అరవై అడుగులకు 2.31, పావుమైలుకి 13.62 సెకన్లు, 108 మైళ్ల వేగం. పక్క లేనులోవాళ్లందరూ వేగం అంకె చూసి మురిసిపోతున్నారు. మా వాడు దాని జోలికే పోలేదు. "పైన చూడు బావా, అరవై అడుగుల గీత. అక్కడ ఒక పాయింటు తగ్గితే కింద దాదాపు రెండు తగ్గుతాయి." ఇంజన్ చల్లారాక 3,000 దగ్గర మొదలుపెట్టి, అందుకునే చోట ఆగే క్షణాన్ని కాస్త తగ్గించాను. 2.12 వచ్చింది, ఈటీ 13.28. వేగం మాత్రం దాదాపు అంతే. అదే ఇంజన్, అవే టైర్లు. మారింది ఎడమ కాలు ఒక్కటే.

పులిహోర తింటూ పక్కవాళ్లతో కబుర్లు చెప్పుకున్నాం. ఈ ఆటని వీధుల్లోంచి తప్పించి ట్రాకుల మీదికి తేవాలనే వాలీ పార్క్స్ 1951లో ఎన్‌హెచ్‌ఆర్ఏ అనే డ్రాగ్ రేసింగ్ సంస్థని పెట్టాడు. రాయదుర్గం ఐటీ రోడ్ల మీద అర్ధరాత్రి పందేలు కాసే మన కుర్రాళ్లకి లేనిది ధైర్యం కాదు, ఇలాంటి గేటు. ఇక్కడ అంబులెన్సు ఉంది, గోడలున్నాయి, ఎదురుగా ఎవరూ రారు.

తిరుగు ప్రయాణంలో హైవే ఎక్కేముందు టైర్లలో గాలి మళ్లీ నింపాం. వచ్చేసారికి జిగురు టైర్లు కొనమని మా వాడి సలహా. నేను ఒప్పుకోలేదు. మామూలు టైరు తప్పు జరిగితే జారి ఊరుకుంటుంది. జిగురు టైరు జారదు. ఆ దెబ్బ క్లచ్‌కీ, వెనక యాక్సిల్ షాఫ్టులకీ తగులుతుంది, బిల్లు మనకొస్తుంది. అరవై అడుగులు రెండు సెకన్లలోపు మామూలు టైర్లతో దాటడం వచ్చాక కొంటాను, అంతదాకా ఆ డబ్బు పెట్రోలుకి.