సంసారం గుట్టు, రోగం రట్టు

మా వారు బొగ్గుగనిలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నాకో సవతి ఉండేది. కంగారు పడకండి! అదో ఇనప స్విచ్చి పెట్టె. గనుల్లో వాడే అలాంటి పెట్టెల్ని ఫ్లేమ్‌ప్రూఫ్ అంటారు. పండగనాడు విస్తరి ముందు కూర్చున్నా ఆయనకి ఆ పెట్టె గోలే.

"అంటే నిప్పు పుట్టని పెట్టె, అంతేగా?" అన్నానొకసారి వంకాయలు తరుగుతూ.

"కాదు. లోపల నిప్పు పుట్టినా గడప దాటనివ్వని పెట్టె" అన్నారు.

బొగ్గు పొరల్లోంచి మీథేన్ వస్తుందిట. గాలిలో అది నూటికి 5 నుంచి 15 పాళ్ళ దాకా ఉంటే, ఒక్క రవ్వ తగిలినా పేలుతుంది. స్విచ్చి వేస్తే రవ్వ రాకమానదు. పెట్టెలోకి ఆ వాయువు దూరకుండా ఆపడమూ మనవల్ల కాదు. అందుకని లోపల పేలినా పగలనంత గట్టిగా పెట్టెను చేస్తారు. మూతకీ పెట్టెకీ మధ్య మిల్లీమీటరులో ఏ కొంచెమో సందుంటుంది. అందులోంచి వచ్చే మంట, ఆ ఇనుము వెడల్పు దాటేలోగా చల్లారిపోతుంది. 1815లో హంఫ్రీ డేవీ గని దీపం చుట్టూ సన్నని తీగవల బిగించిందీ ఈ కిటుకుతోనే. అంతకు మూడేళ్ళ ముందు ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో పేలుడు జరిగి 92 మంది పోయారు. వాళ్ళలో పసివాళ్ళూ ఉన్నారు.

ఇలాంటి పెట్టెలకి ధన్‌బాద్‌లో పరీక్ష చేస్తారు. పెట్టె లోపలా, చుట్టూ కూడా పేలే వాయువు నింపి, లోపల రవ్వ పుట్టిస్తారు. లోపల పేలాలి, బయట అంటుకోకూడదు. నెగ్గితేనే సర్టిఫికెట్టు.

"సంసారం గుట్టన్నమాట!" అని నవ్వాను.

1996 దసరా ముందు మా వారు ఒక పెట్టె మూత విప్పించి చూస్తే, మూత కూర్చునే అంచుమీద అడ్డంగా గీత. ఒక బోల్టు కూడా లేదు. "సర్టిఫికెట్టు నంబరు ఉంది కదయ్యా, సంతకం పెట్టు" అన్నారు పైవాళ్ళు. "సర్టిఫికెట్టు ఇచ్చిననాడు ఈ గీత లేదు సార్" అన్నారీయన. కొత్త మూత వచ్చేదాకా అక్కడ పని ఆగిపోయింది. ఆ ఏడాది ఈయనకి రావలసిన ప్రమోషను ఇంకొకరికి వెళ్ళింది.

ఆ కబురు పక్కింటి వదినగారు గోడ మీంచి అందిస్తే నాకు తల కొట్టేసినట్టయింది. "ఒక్క గీత కోసం పిల్లల నోటి దగ్గర కూడు తీసేశారు" అని నోటికొచ్చినట్టల్లా అన్నాను. ఆయన అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోయారు. మూడు రోజులు మా మధ్య మాటల్లేవు.

నాలుగోనాడు సందెవేళ గుడి నుంచి వచ్చి వంటింటి తలుపు తీశాను. గుప్పుమని గ్యాసు వాసన. చీకటిగా ఉంది కదా, అలవాటుగా చెయ్యి స్విచ్చి మీదకి వెళ్ళింది. ఆ చెయ్యి అక్కడిదాకా వెళ్ళకుండా వెనకనుంచి ఆయన పట్టుకున్నారు. నన్ను బయటకి లాగి, తలుపులూ కిటికీలూ బార్లా తీసి, రెగ్యులేటరు కట్టేశారు. వంటగ్యాసు గాలికన్నా బరువు, నేలమీద పరుచుకుంటుంది. అది పేలడానికి గాలిలో నూటికి 2 పాళ్ళున్నా చాలుట.

గాలాడాక చూస్తే రబ్బరు గొట్టం పొయ్యి దగ్గర పగిలి ఉంది. దానిమీద నేను చుట్టిన ప్లాస్టరు ఊడి వేలాడుతోంది.

"ఎన్నాళ్ళయింది?"

"రెండు నెలలు."

"ఎందుకు చెప్పలేదు?"

"మీరు గోల చేస్తారని."

ఆయన నాకేసి చూసి, "గనిలోనూ సరిగ్గా ఇదే మాట చెబుతారు" అన్నారు. అంతే. ప్రమోషను మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

సంసారం గుట్టు అని హాస్యమాడానే గాని, సామెతలో మిగతా సగం మరిచిపోయాను. రోగం రట్టు! మంటను గుట్టుగా దాచుకోవాల్సిన పెట్టె, తన మీది గీతను మాత్రం దాచకూడదు.

ఇప్పుడు గొట్టం కొంటే ఐ.ఎస్.ఐ. ముద్రా, గడువూ చూస్తాను. సిలిండరు మెడ దగ్గర అక్షరమూ, సంవత్సరమూ చూస్తాను. ఎ అంటే మార్చి దాకా, బి అంటే జూన్ దాకా, సి అంటే సెప్టెంబరు, డి అంటే డిసెంబరు. ఆ గడువు దాటితే మళ్ళీ పరీక్ష చెయ్యాల్సిందే. రోజూ ఒకసారి వంగి గొట్టం తడిమి చూస్తాను. ఈమధ్య వంగితే మోకాళ్ళు కలుక్కుమంటున్నాయి.

ఆ సంగతి మాత్రం ఆయనకి ఆ రోజే చెప్పేశాను.