లేని చక్రము

బొమ్మలలో రెండు తెగలు కలవు. తయారై వచ్చు బొమ్మ యొకటి, తయారు చేసికొనవలసిన బొమ్మ మఱియొకటి. మొదటిదానిని కొన్నవాడు ఆనాడే ఆడుకొనును. రెండవదానిని కొన్నవాడు కొన్ని వారములు కష్టపడి, కన్నులు చిట్లించి, వ్రేళ్ళకు జిగురు పూసికొని, తుదకు దానితో ఆడుకొనక అలమారలో పెట్టి చూచుకొనుచుండును. విమానములు, ఓడలు, రైలుబండ్లు మున్నగువాని నమూనా కిట్లు ఈ రెండవ తెగకు చెందినవి. అసలు వస్తువును ఒకే ప్రమాణమున తగ్గించి, దాని భాగములను ప్లాస్టిక్కుతో పోతపోసి, ఒక పెట్టెలో సర్ది అమ్ముదురు. విమానములకు తఱచుగా వాడు ప్రమాణము 72వ వంతు. ఈ సంఖ్య వింతగా తోచును గాని లెక్క సులభము. 6 అడుగులకు 72 అంగుళములు గనుక, నమూనాలోని అంగుళము అసలు విమానములో 6 అడుగులకు సమానము. అనగా ఆరడుగుల వైమానికుడు ఇందు ఒక్క అంగుళము పొడవున నిలుచును.

ఇట్టి కిట్లకు పేరుపొందిన ఎయిర్‌ఫిక్స్ అను సంస్థను నికొలస్ కోవ్ అనునాతడు 1939లో ఇంగ్లండు దేశమున స్థాపించెను. 1949లో ఆ సంస్థవారు ఫెర్గూసన్ ట్రాక్టరుకు చిన్న నమూనా నొకదానిని చేసిరి. అది ట్రాక్టర్లను అమ్మువారు జనులకు చూపుటకై యుద్దేశింపబడినది. భాగములను ఒక్కొక్కటిగా కూర్చుట శ్రమతోను ఖర్చుతోను గూడిన పని యగుటచే, తరువాత ఆ భాగములనే విడిగా అమ్మజొచ్చిరి. 1952లో గోల్డెన్ హైండ్ అను ఓడ నమూనా వెలువడినది. శ్రమను అమ్మువాని మీదినుండి కొనువాని మీదికి నెట్టిన యుపాయ మిది. అయినను ఇట్టి నెట్టుడును వరముగా భావించువారు లోకమున పిల్లలు తప్ప వేఱొకరు లేరు.

హైదరాబాదునకు తూర్పుదిక్కున దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి. నగర్ వఱకు సాగు రాజమార్గము ఒకే పొడుగాటి బజారు వలె నుండును. దానిపై 2018 సెప్టెంబరు 24వ తేదీనుండి మెట్రోరైలు నడచుచున్నది. క్రింద శిక్షణాలయములు, పుస్తకముల అంగళ్ళు, బట్టల దుకాణములు, మిఠాయి కొట్లు. ఈ బజారున దొరకని వస్తువు లేదందురు. ఎల్.బి. నగర్‌లో కాపురముండు ఒక గుమాస్తాగారి కుమారుడు, ఎనిమిదవ తరగతి చదువు బాలుడు, పండుగలకు బంధువులిచ్చిన డబ్బును రెండేండ్లు కూడబెట్టి, దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక దుకాణమున విమానపు కిట్టు నొకదానిని కొనెను. అది నాట్ అను యుద్ధవిమానము. లాల్ బహదూర్ శాస్త్రిగారు ప్రధానమంత్రిగా నుండగా 1965లో జరిగిన యుద్ధమున ఆ చిన్న విమానములు తమకంటె పెద్దవియగు సేబర్ విమానములతో తలపడి ‘సేబర్ సంహారి’ యని పేరుపొందినవి. 1971 డిసెంబరు 14వ తేదీన శ్రీనగరముపై దాడి జరిగినపుడు నిర్మల్ జిత్ సింగ్ సెఖోన్ ఒంటరిగా శత్రువిమానముల నెదుర్కొని ప్రాణములర్పించినది ఈ విమానముననే. ఆయనకు మరణానంతరము పరమవీరచక్ర బిరుద మొసగబడినది. శాస్త్రిగారి పేరనే వెలసిన లాల్ బహదూర్ నగరమున పెరుగుచున్న పిల్లవానికి ఆ విమానముపై మనసు పోవుటలో వింతలేదు. అసలు విమానము సుమారు 8.7 మీటర్ల పొడవుండెడిది. 72తో భాగించినచో 12 సెంటీమీటర్లు. బాలుని అఱచేతిలో పట్టును.

పెట్టెలో భాగములు విడివిడిగా నుండవు. ద్రాక్షగుత్తిలో పండ్లవలె ప్లాస్టిక్కు కాడలకు అంటియుండును. ప్రతి భాగముచెంత ఒక సంఖ్య యుండును. ఆ సంఖ్యలను చీటీలోని పటముతో సరిచూచుకొని, అవసరమైనపుడు అవసరమైనదానిని మాత్రమే కోయవలెను. కాని రెండేండ్లు ఎదురుచూచిన పిల్లవానికి అంత యోపిక ఎక్కడిది? ఆ రాత్రియే భాగములన్నింటిని బ్లేడుతో కోసి ఒక పళ్ళెరమున పోసికొనెను. పక్కనే కూర్చున్న చెల్లెలు, ఏడేండ్ల పిల్ల, ఆ చిన్న చిన్న వస్తువులను వ్రేలితో కదిపి చూచి మురిసిపోయెను.

నాలుగవనాడు కాళ్ళు బిగించు వంతు వచ్చినది. రెక్కల క్రింది రెండు ప్రధాన చక్రములలో ఒకటి కనబడలేదు. అది శనగగింజంత వస్తువు. పళ్ళెరము వెదకిరి. తల్లి చీపురుతో మంచముక్రింద ఊడ్చెను. తండ్రి అలమారను జరిపెను. చెత్తబుట్టను కాగితముపై కుమ్మరించి చూచిరి. చక్రము లేదు. అంతట బాలుని దృష్టి చెల్లెలి మీద పడినది. “పళ్ళెరములో చేయి పెట్టినది నీవే గదా!” అని గద్దించెను. “నేను తీయలేదన్నా” అని ఆ పిల్ల పలుమారులు చెప్పెను. ఎవరును నమ్మలేదు. తల్లి సైతము, “తీసియుంటే ఇచ్చివేయమ్మా, ఏమియు అనము” అని బుజ్జగించినది. చేయని పనికి తిట్టు తినుటకంటె ఇట్టి బుజ్జగింపు పిల్లలకు ఎక్కువ బాధాకరము. ఆ పిల్ల ఆనాటినుండి అన్న గదిలోనికి పోవుట మానెను.

దుకాణదారుడు, పెట్టె తెఱచిన పిదప మార్చుట తమ పద్ధతి కాదనెను. దుకాణముననే యున్న ఒక కళాశాల విద్యార్థి, “చక్రముల తలుపులు మూసివేసి, విమానమును తీగపై నిలిపి, ఆకాశమున ఎగురుచున్నట్లు చేయుము” అని సలహా చెప్పెను. అది తెలివైన సలహాయే. భాగము లోపించినపుడు అనుభవజ్ఞులును ఇట్లే చేయుదురు. కాని బాలుడు దానిని నేలపై నిలిపి చూడదలచెను. ఊరక యింటికి వచ్చెను.

ఆ వీథిలోనే ఒక వృద్ధ మేస్త్రి యుండెను. ఎల్.బి. నగర్ దాటి విజయవాడ దారిలో పోగా వచ్చు ఆటోనగర్‌లో బస్సులకును లారీలకును సొట్టలు తీసి, లప్పము పట్టించి, రంగువేయుట ఆయన వృత్తి. యౌవనమున ఇత్తడి పోతపని కూడ చేసినవాడు. బాలుడు ఆయనకు పెట్టె చూపెను. మేస్త్రి భాగములను చూడలేదు. పారవేయుటకై ప్రక్కనబెట్టిన ఖాళీ కాడలను చేతికి తీసికొని, చక్రముల సంఖ్యయున్న తావును భూతద్దముతో పరీక్షించెను.

“ఇటు చూడు బాబూ. ఈ తొడిమ నీవు బ్లేడుతో కోసినది. కొన చదునుగా, గీతలతో నున్నది. విఱిగిపోయిన తొడిమయైనచో కొన గరుకుగా, తెల్లబాఱి యుండును. మఱి ఈ రెండవ తొడిమ ఎట్లున్నది?”

దాని కొన గుండ్రముగా, నున్నగా, కొవ్వొత్తి కన్నీరువలె మెఱయుచుండెను.

“పోత నిండలేదు. నీ చక్రము పోలేదు బాబూ, అది పుట్టనే లేదు” అనెను మేస్త్రి.

బాలుడు కొంతసేపు మాటాడలేదు.

పోత నిండకపోవుట ఎట్లు జరుగునో తెలిసికొనదగినది. ఉక్కు అచ్చు రెండు పలకలుగా నుండును. ఆ రెంటిని గట్టిగా మూసి, కరగిన ప్లాస్టిక్కును మిక్కిలి యొత్తిడితో లోనికి నెట్టుదురు. అది కాల్వలవంటి సన్నని దారులలో పాఱి, చివరి మూలవఱకు పోవలెను. ఒత్తిడియో వేడియో చాలనిచో నడుమనే చల్లాఱి ఆగిపోవును. మూలనున్న భాగము లోపించును. ఏండ్లతరబడి వాడుటచే అచ్చు అంచులు అఱిగినచో సందులలోనికి ప్లాస్టిక్కు చొరబడి, భాగముల చుట్టును పలుచని రెక్కవంటి పొర యేర్పడును. దళసరిగా నున్న చోట్ల ప్లాస్టిక్కు చల్లాఱునపుడు కుంచించుకొని గుంటపడును. పూర్తిగా చల్లాఱకముందే బయటకు తీసినచో భాగము వంకరపోవును. ఈ దోషములన్నియు పిల్లవాని పెట్టెలో ఏదోయొక చోట ఉండనే యుండెను. తొందరలో వానిని చూడలేదు, అంతే.

వీనికి చికిత్సలును కలవు. పొరను బ్లేడు వీపుతో గీకి, ఉప్పుకాగితముతో రుద్దినచో పోవును. వంకరపోయిన రెక్కను వేడినీటిలో కొంతసేపు ముంచి, మెల్లగా సరిచేసి, వెంటనే చన్నీటిలో పెట్టవలెను. మరుగునీరు పనికిరాదు, భాగము మెత్తబడి ఆకారమే చెడును. సన్నని తీగవంటి భాగము లోపించినచో మిగిలిన కాడ ముక్కను కొవ్వొత్తి మంటకు కొంచెము పైన త్రిప్పుచు వేడిచేసి, మెత్తబడగానే రెండుచివరలు పట్టి లాగినచో వెండ్రుకవంటి పోగు వచ్చును. మంటతోను, ఘాటైన ప్లాస్టిక్కు జిగురుతోను పని గనుక కిటికీలు తెఱచి, పెద్దవారిని దగ్గఱ నుంచుకొనవలెను.

గుంటలను, అతుకుల సందులను పూడ్చుట మేస్త్రి తన లప్పముతోనే చూపెను. ఒక్కసారిగా మందముగా పెట్టరాదు. పలుచగా రాచి, ఆఱిన పిమ్మట రుద్ది, మరల రాయవలెను. ఇది చూచి ఆ బాలుని నాయనమ్మ నవ్వినది. ఆమె కృష్ణాజిల్లానుండి వచ్చినది. కొండపల్లి అంబారీ ఏనుగు నొకదానిని పెట్టెలో దాచుకొన్నది. విజయవాడ రాజమార్గము ఇబ్రహీంపట్నము చేరు చోటికి దగ్గఱలోనే కొండపల్లి యున్నది. అచటి పనివారు తెల్లపొణికి యను తేలిక కఱ్ఱతో కాళ్ళు, చేతులు, తలలు వేర్వేఱుగా చెక్కి, చింతగింజల పొడియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, సందులను దానితోనే పూడ్చి, పైన సున్నము పూసి రంగులు వేయుదురు. “మా మక్కు, మీ లప్పము ఒకటే గదయ్యా” అని ఆమె మేస్త్రితో వాదమునకు దిగెను. మేస్త్రి ఒప్పుకొనలేదు. మక్కు ప్లాస్టిక్కును పట్టదని ఆయన వాదన. ఆ మాటయు నిజమే. కాని విడిభాగములను కూర్చి బొమ్మచేయు విద్య సముద్రములు దాటి వచ్చినదని తలచువారు ఒకసారి కొండపల్లి పోయి రావలెను.

ఇక చక్రము. బాలుడు మొదట చొక్కా గుండీని పెట్టి చూచెను. వెడల్పు సరిపోయినది గాని మందము చాలలేదు. నాలుగు రంధ్రములు నాలుగు కన్నులవలె కనబడినవి. అప్పుడు మేస్త్రి ఎమ్‌సీల్ తెప్పించెను. కారుచున్న గొట్టములకు పెట్టుటకై ఇనుపసామానుల కొట్లలో దొరకు ముద్ద యది. రెండు ముద్దలను సమపాళ్ళలో కలిపి పిసికినచో కొంతసేపటికి ఱాయివలె గట్టిపడును. పిసికిన చేతులను వెంటనే సబ్బుతో కడుగుకొనవలెను. ఉన్న ఒక్క చక్రమునకు కొబ్బరినూనె రాచి, ముద్దలో సగము లోతువఱకు అద్ది, గట్టిపడిన తరువాత తీయగా గుంట యేర్పడినది. అదియే అచ్చు. ఆ గుంటకు నూనె రాచి, క్రొత్త ముద్దను నింపి, మఱునాడు తీయగా అర చక్రము వచ్చినది. ఇట్లు రెండు సగములు చేసి, వెనుకవైపులను ఉప్పుకాగితముపై చదునుగా రుద్ది, వీపువీపున అతికించవలెను. లోపలిముఖము అసలు చక్రమును పోలియుండదు; కాని విమానమును తలక్రిందుచేసి చూచువారు అరుదు.

మొదటి పోత చెడినది. నూనె చాలక అచ్చునకే అంటుకొనెను. రెండవదానిలో గాలిబుడగ నిలిచి, అంచున పంటి గుర్తువంటి లొట్ట పడెను. మూడవది నిండినది.

ఈ పనులన్నియు ఆఱు సాయంకాలములు పట్టినవి. వాని నడుమ ఒక సాయంకాలము జరిగినదానిని కూడ చెప్పవలెను. మేస్త్రి యింటినుండి వచ్చిన రాత్రి బాలుడు ఆ ఖాళీ కాడను, భూతద్దమును తీసికొని చెల్లెలి కడకు పోయెను. క్షమింపుమను మాట అతని నోట రాలేదు. రెండు తొడిమలను చూపి, కోసినది ఏది, నిండనిది ఏది యని వివరించెను. ఆ పిల్ల శ్రద్ధగా చూచి, “అయితే అమ్మకు కూడ చూపుము” అనెను. అతడు తల్లికి చూపెను. తరువాత తండ్రికి, నాయనమ్మకు. చూపిన ప్రతివారికిని మొదటినుండి చెప్పవలసివచ్చినది. చెల్లెలు వెంటనుండి విన్నది. ఎక్కడనైన తగ్గించి చెప్పినచో గుర్తుచేసినది.

చక్రమునకు నలుపు రంగు వేసినది ఆ పిల్లయే. విమానము మూడు కాళ్ళపై నిలిచినది. చేసిన చక్రము అసలుదానికంటె వెండ్రుకవాసి లావు. అందుచే ఒక రెక్క కొంచెము పైకి లేచియుండును. తెలిసినవారికి తప్ప కనబడదు.

వేసవి సెలవులలో తండ్రి రెండవ పెట్టె తెచ్చెను. ఈసారి ఎవరును బ్లేడు ముట్టలేదు. చాపపై కాడలను వరుసగా పఱచిరి. చెల్లెలు చీటీ చేతబట్టి సంఖ్యలు చదువసాగెను; అన్న వెదకి, “ఉన్నది” అని చెప్పుచుండెను. 29 ఉన్నది. 30 ఉన్నది. 31 కడ అన్న వెంటనే బదులు చెప్పలేదు. ఆ కాడను కిటికీ వెలుతురునకెత్తి, తొడిమను రెండువైపుల త్రిప్పి చూచుచుండెను. చెల్లెలు పెన్సిలును ఆ సంఖ్యమీదనే నిలిపి వేచియుండెను.