పిలిస్తే పలకాలి

ఈ వారం మాటలు మూడు: చిలుము, పిలవడం, పలకడం. ఇవి నాకు గుడి కంప్యూటర్ల దగ్గర దొరికాయి.

నేను ఉండేది ఒమన్‌లో, సలాలా పక్కన రైసూత్‌లో. వయసు అరవై దాటింది. చదువంతా ఇంగ్లీషు మీడియం. గుడిలో నా సేవ కంప్యూటర్లు చూసుకోవడం. ఒకటి ఆఫీసులో ఉంది, ఒకటి కౌంటర్లో ఉంది. అర్చనకు ఇచ్చిన పేర్లు, గోత్రాలు ఆఫీసు కంప్యూటర్లో ఉంటాయి. కౌంటర్లో అవి చూసి, చీటీ తీసి పంతులుగారికి ఇస్తారు.

ఇక్కడ చాలామంది పనివాళ్ళకు సెలవు శుక్రవారం ఒక్కటే. ఒక శుక్రవారం పొద్దున్నే కౌంటర్లో కూర్చునే శ్రీకాకుళం కుర్రాడు ఫోన్ చేశాడు.

"బాబాయ్, ఆఫీసు కంప్యూటర్ పలకట్లేదు. జనం లైన్లో ఉన్నారు."

నేను ఇంట్లో ఉన్నాను. అతనికి ఇంగ్లీషు అంతగా రాదు. నాకేమో నెట్‌వర్క్ సంగతులన్నీ ఇంగ్లీషులోనే తెలుసు. అందుకని తెలుగులోనే, దగ్గర నుంచి దూరానికి, ఒక్కొక్కటే అడిగాను.

మొదట వైరు. "రెండు కొసలూ చూడు. లైటు వెలుగుతోందా?" ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఖరీఫ్ కాలం, ఎప్పుడూ తుంపర. "పిన్నులకు చిలుము పట్టలేదు బాబాయ్" అన్నాడు. నాకు తుప్పు తెలుసు, చిలుము కొత్త. ఇనుముకు పట్టేది తుప్పు. రాగికి, ఇత్తడికి పట్టేది చిలుము.

తర్వాత నంబరు. మా గుడిలో ప్రతి కంప్యూటర్‌కూ 192.168.1 దాకా ఒకటే, చివరి అంకె వేరు. వీధి ఒకటే, ఇంటి నంబరు వేరు అన్నమాట. 169.254తో మొదలైతే రూటర్ నంబరు ఇవ్వలేదని, కంప్యూటర్ తనే ఒకటి పెట్టుకుందని అర్థం. మాది సరిగ్గానే ఉంది.

ఆ తర్వాత పింగ్. దీన్ని 1983 డిసెంబరులో మైక్ మూస్ రాశారు. నీళ్ళలో సోనార్ చేసే శబ్దం నుంచి ఆ పేరు వచ్చింది. దానికి తెలుగులో ఏమనాలా అని ఆలోచిస్తుంటే అతనే అన్నాడు: "అంటే పిలిచి చూడడమా?" అవును, అంతే! ముందు రూటర్‌ని పిలిచాం, పలికింది. ఆఫీసు కంప్యూటర్‌ని పిలిచాం, పలకలేదు.

కానీ పలకకపోతే లేనట్టు కాదు. ఫైర్‌వాల్ పలకనివ్వకపోవచ్చు. అతన్ని ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చూపించమన్నాను. విండోస్‌లో నెట్‌వర్క్ "పబ్లిక్" అని ఉంది. అలా ఉంటే కంప్యూటర్ పక్కవాళ్ళకు కనబడకుండా దాక్కుంటుంది. "ప్రైవేట్" చేసి, ఫైల్ షేరింగ్ ఆన్ చేయించాను. మళ్ళీ పిలిచాం.

"పలికింది బాబాయ్!"

ఆ రోజు అందరి గోత్రాలూ చదివారు.

పిలవడం, పలకడం జంట మాటలు. మనిషికి, ఫోన్‌కి, దేవుడికి కూడా వాడతారు. మీ ఇంట్లో నెట్ రాకపోతే పెద్దవాళ్ళు ఏమంటారు? వాళ్ళు అన్నది అన్నట్టే రాసి పంపండి.