సూర్యాస్తమయం లేని పలక

శేరిలింగంపల్లి మండల చరిత్రలో 1998వ సంవత్సరానికి ప్రత్యేక స్థానం ఉన్నది. నేడు గచ్చిబౌలిలో కొలువై ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఆ ఏడాదే ఏర్పడింది. అదే గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ కూడా ఆ ఏడాదే మొదలైంది. నవంబరులో నాటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఒకటి భాష కోసం, ఒకటి సాంకేతిక విద్య కోసం, ఒకటి కొలువుల కోసం. ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు సంపాదనపరులయ్యారు. వారు చదువుకొనేది, రాసేది, జీతం సంపాదించేది, చివరకు ఆడుకొనేది కూడా ఇంట్లో బల్ల మీద ఉండే ఒకే వస్తువుతో. అది కీబోర్డు.

మా మొహల్లాలోని ఒక యువకుడు ఈ మధ్య మెకానికల్ కీబోర్డు కొన్నాడు. అక్షరాల కింది నుండి రంగుల వెలుగు చిమ్మే రకం. ఇషా నమాజు తరువాత మమ్మల్ని ఆపి, “హజ్రత్, పగలూ రాత్రీ దీని మీదే నా పని. దీనితోనే కాసేపు ఆడుకొంటాను కూడా. ఇన్ని వేలు పోసి కొనడం ఇస్రాఫ్ అవుతుందా?” అని అడిగాడు. అడిగిన తీరులో నిజాయితీ ఉన్నది గనుక, జవాబు చెప్పడానికి ముందు ఆ వస్తువు ఎలా పని చేస్తుందో అతనినే అడిగి తెలుసుకొన్నాము.

సాధారణ కీబోర్డులో మీటలన్నింటి కింద ఒకే రబ్బరు పొర ఉంటుంది. మెకానికల్ కీబోర్డులో ప్రతి మీటకూ దాని సొంత స్ప్రింగు, సొంత స్విచ్చు ఉంటాయి. మీట సుమారు నాలుగు మిల్లీమీటర్లు దిగుతుంది. రెండు మిల్లీమీటర్లు దిగేసరికే అక్షరం పడుతుంది. వేళ్ళను అడుగంటా మోపే అవసరం ఉండదు. జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ తెచ్చిన స్విచ్చుల రంగులే నేటికీ ఈ రంగంలో కొలమానం. నీలం రకం నొక్కినప్పుడల్లా టక్కుమంటుంది. గోధుమ రకం వేలికి చిన్న ఆనవాలు తగిలించి ఊరుకొంటుంది. ఎరుపు రకం ఏ అడ్డూ లేకుండా జారిపోతుంది. ఒకేసారి అనేక మీటలు నొక్కినా దేనినీ వదలకుండా గుర్తించే ఏర్పాటు కూడా చాలా వాటిలో ఉంటుంది. ఆటగాళ్ళు కోరుకొనేది దానినే.

“పనిముట్టు అన్నది వడ్రంగికి ఉలి వంటిది. రోజుకు పది గంటలు దానిపై చేతులుంచేవాడు మంచిది కొనుక్కొంటే అందులో ఇస్రాఫ్ లేదు” అన్నాము. అతని ముఖం వికసించింది. అయితే నాలుగు రోజులకే అతని తల్లి మదరసా గుమ్మం వద్ద నిలబడి చెప్పిన మాట వేరు. “మౌలానా గారూ, మాది రెండు గదుల ఇల్లు. రాత్రంతా రాళ్ళ వాన కురిసినట్లు ఆ చప్పుడు. ఆయన ఉదయమే డ్యూటీకి పోవాలి. వాడిని అడిగితే ‘పని అమ్మీ’ అంటాడు. అది పనో ఆటో నాకు ఎలా తెలుస్తుంది?”

ఈ ప్రశ్న మమ్మల్ని చాలాసేపు వదలలేదు. ఇది ఆ తల్లి ఒక్కరిదే కాదు. ఈ ఐటీ కారిడార్‌లోని వేల ఇళ్ళలో ఇదే ప్రశ్న ఉన్నది.

పనికీ ఆటకూ ఒకే వస్తువు ఉండడం నిజానికి కొత్త సంగతి కాదు. మా బాల్యంలో మక్తబ్‌లో తఖ్తీ ఉండేది. ఆ చెక్క పలకకు ముల్తానీ మట్టి పూసి, ఎండలో ఆరబెట్టి, రెల్లు కలంతో అలిఫ్, బే దిద్దేవాళ్ళము. సెలవు ఇవ్వగానే ఆ తఖ్తీయే క్రికెట్ బ్యాటు. దానికి పిడి ఉండేది గనుక చేతిలో చక్కగా ఇమిడేది. ఉస్తాద్ గారు చూసీ చూడనట్లు ఊరుకొనేవారు. ఎందుకంటే ఆ ఆటకు ఒక హద్దు ఉన్నదని ఆయనకు తెలుసు. మగ్రిబ్ అజాన్ వినబడే వేళకు బంతి కనిపించేది కాదు. చీకటి తానే వచ్చి ఆట ముగించి మమ్మల్ని ఇళ్ళకు పంపేది.

నేటి పలక తన వెలుగును తానే వెంట తెచ్చుకొన్నది. దానికి సూర్యాస్తమయం లేదు.

పైగా ఈ ప్రాంతపు కొలువుల వేళలే తలకిందులు. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదయ్యేసరికి మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. అక్కడి గడియారాన్ని అనుసరించి పని చేసేవాడికి తెల్లవారుజామున మూడున్నరకు గాని విడుదల లేదు. అలసిన మనసు ‘ఒక్క ఆట’ అంటుంది. రాస్తున్న పత్రాన్ని ఎక్కడైనా ఆపవచ్చు. నలుగురు కలిసి ఆడే ఆన్‌లైన్ ఆటను మధ్యలో ఆపితే జట్టు నష్టపోతుంది. వేసవిలో మూడున్నర నుండి ఫజ్ర్ వేళకు గంట సమయమైనా మిగలదు. ఆ ఒక్క ఆటలో నిద్ర పోతుంది. తరువాతి ఆటలో నమాజు పోతుంది.

ఆటపై అదుపు తప్పడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. 2022 జనవరి నుండి అది అమలులోకి వచ్చింది. ఎన్ని గంటలు ఆడారన్నది అందులో కొలత కాదు. ఆటపై అదుపు పోవడం, మిగిలిన పనులన్నింటికంటే ఆటే ముందుకు రావడం, నష్టం కనబడుతున్నా ఆపలేకపోవడం, ఇవే లక్షణాలు. కాసేపు ఆడుకొనే ప్రతి బిడ్డనూ రోగి అనరాదు. లక్షణాలు కనబడుతున్న బిడ్డను సోమరి అని తిట్టి వదిలేయనూరాదు.

డబ్బు పందెంగా పెట్టే ఆటల విషయంలో చర్చకు తావే లేదు. ధర్మం దానిని ఏనాడో నిషేధించింది. తెలంగాణ ప్రభుత్వం 2017లో, పార్లమెంటు 2025లో చట్టాలు తెచ్చి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. ఇక జీతం తీసుకొంటున్న గంటలలో ఆడే ఆట అమానత్‌కు ద్రోహం. పనికీ ఆటకూ వేళ్ళు అవే, మీటలు అవే, చప్పుడు అదే. బయటివారికి తేడా తెలియదు. సహీహ్ బుఖారీలో మొదటి హదీసు సంకల్పాన్ని గురించినదే కావడంలోని అర్థాన్ని విద్యార్థులకు చెప్పడానికి ఇకపై మాకు మరో ఉదాహరణ వెతకవలసిన పని లేదు.

ఆ యువకుడిని పిలిచి రెండు విషయాలు మాట్లాడాము. మొదటిది చప్పుడు. అతని కీబోర్డులో టంకం అవసరం లేకుండానే స్విచ్చులు ఊడదీసి మార్చవచ్చునట. నీలం రకం తీసి, చప్పుడు చేయని రకం పెట్టుకొమ్మన్నాము. దీపం ఆర్పి కీబోర్డు వెలుగులో పని చేసుకోవడం నిద్రిస్తున్న తల్లిదండ్రుల పట్ల దయే. వెలుగు విషయంలో చూపిన దయను చప్పుడుతో చెరిపివేయడం ఎందుకు?

రెండవది వెలుగు. మేము ప్రశ్నపత్రాలు తెలుగులో టైపు చేస్తుంటాము. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి. అతని కీబోర్డులో వెలుగుతున్నవి ఆంగ్లాక్షరాలు మాత్రమే. మా తెలుగు అక్షరాలు వేళ్ళ జ్ఞాపకంలో ఉన్నాయి. “చూడకుండానే టైపు చేయగల నీకు ఈ వెలుగు దేనికి?” అని అడిగితే నవ్వి, “అందానికే, హజ్రత్” అన్నాడు. “అయితే ఆ అందాన్ని మీ అమ్మీకి ఉపయోగపడేలా చెయ్యి” అన్నాము.

అతడు ఆలోచించి ఒక ఏర్పాటు చేసుకొన్నాడు. పని చేస్తున్నంతసేపు మసక తెలుపు. ఆట మొదలుపెట్టేటప్పుడు ఆకుపచ్చ. కంప్యూటర్ గురించి ఏమీ తెలియని ఆ తల్లి ఇప్పుడు గుమ్మం నుండే చూసి తెలుసుకొంటున్నది. తెలుపు కనబడితే పలకరించకుండా టీ కప్పు పెట్టి వెళ్తున్నది. ఆకుపచ్చ కనబడితే పిలుస్తున్నది, అతడు లేస్తున్నాడు. రంగు మార్చకుండా మోసగించడం అతనికి నిమిషం పని. మార్చడమే అతని నిజాయితీకి రోజువారీ పరీక్ష.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. బిడ్డ చేతిలోని వస్తువుతో యుద్ధం చేయకండి, అదే అతని జీవనోపాధి. దాని పేరేమిటో, ఎలా పని చేస్తుందో, రాత్రి ఏ వేళ వరకు మోగుతుందో అతనినే అడిగి తెలుసుకోండి. చీకటి చేసిన పనిని ఇప్పుడు ఇంటివారు చేయవలసి ఉన్నది. ఆట ముగించే వేళ ఏదో పగటిపూట, కోపం లేని సమయంలో, బిడ్డతో కలిసి కూర్చొని నిర్ణయించండి.