కత్తి కంటే ముందు కాలు

చేరగానే పిల్లల చేతికి కత్తి ఇవ్వరు. మొదటి రోజులన్నీ కాళ్లకే. ముందు పాదం ఎదుటివాళ్ల వైపు, వెనక పాదం అడ్డంగా, రెండు మడమలూ ఒకే గీత మీద పెట్టి, మోకాళ్లు వంచి సగం కూర్చున్నట్టు నిలబడాలి. దాన్ని ‘ఆన్ గార్డ్’ అంటారు. ఆ వంపు చెడకుండానే ముందుకు రావాలి, వెనక్కి పోవాలి. ఎగరకూడదు, పాదం పాదానికి తగలకూడదు. కరీంనగర్ శివారులో ఒక గురుకుల పాఠశాల ఆవరణలో ఈ వేసవి ఫెన్సింగ్ శిబిరం నడుస్తోంది. తెల్లవారి ఐదున్నరకు నేను వెళ్లేసరికే హాలు నిండా సగం కూర్చున్న పిల్లలు. ‘‘మడమ లేపకు బిడ్డా. తొడలు గుంజితె గుంజనీ, రెండు దినాలైతె అదే పోతది’’ అంటూ కోచ్ మేడం వరుసల నడుమ తిరుగుతోంది.

అంత పొద్దున్నే మొదలుపెట్టడానికి కారణం ఎండ. మే నెలలో ఇక్కడ తొమ్మిది దాటితే రేకుల కప్పు కింద నిలబడలేం. పైగా ఫెన్సింగ్ జాకెట్ మందం, దాని లోపల చంకను కాపాడే ఇంకో పొర, ముఖానికి జాలీ మాస్కు, చేతికి గ్లోవ్. అందుకని ఎనిమిదిలోపు ఒక విడత, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాత ఇంకొకటి. నడుమ రాగి జావ, గుడ్లు, నిద్ర, నియమాల పాఠం. పిల్లలు పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాల వాళ్లు. 2016లో ఆ రెండూ చీలి జగిత్యాల, పెద్దపల్లి, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ వంటి జిల్లాలయ్యాయి గానీ, హాస్టల్ వరండాలో మాత్రం ‘ఆదిలాబాదోళ్లు’, ‘కరీంనగరోళ్లు’ అనే రెండు జట్లే. ఆసిఫాబాద్ వైపు పిల్లలు తమలో తాము గోండిలో మాట్లాడుకుంటూ, కోచ్ దగ్గరికి రాగానే తెలుగుకు మారిపోతున్నారు.

వీళ్లలో చాలామంది కబడ్డీ, ఖోఖో ఆడినవాళ్లు. ఎదుటివాడి చెయ్యి ఎంత దూరం వస్తుందో, తాను ఎంత దూరంలో ఉంటే చిక్కడో కబడ్డీ ఆడిన పిల్లకు చెప్పక్కర్లేదు. ఫెన్సింగ్‌లో సగం ఆట ఈ దూరం లెక్కే. బరిని పిస్ట్ అంటారు. 14 మీటర్ల పొడవు, వెడల్పు రెండు మీటర్లకు మించదు. పక్కలకు తప్పుకునే వీలు లేదు. రెండు పాదాలూ వెనక గీత దాటితే ఎదుటివాళ్లకు పాయింటు. అంత ఇరుకు దారిలో మీదికి దూకడం కంటే, ఎదుటివాళ్లను ఊరించి రప్పించి, వచ్చిన కత్తిని పక్కకు నెట్టి తిరిగి పొడవడం కష్టం. ఒక అమ్మాయి ఎదుటి కుర్రాడిని అలా మూడు అడుగులు ముందుకు రప్పించి, అతని చెయ్యి చాచుకోగానే మణికట్టు మీద తాకించింది. నేను చూసిన వాటిలో మనసుకు బాగా పట్టిన పాయింటు అది.

ఫెన్సింగ్‌లో మూడు ఆయుధాలున్నాయి. ఫాయిల్‌తో మొండెం మీదే కొట్టాలి, సేబర్‌తో నడుము పైభాగమంతా, ఎపీతో తల నుంచి కాలివేలి దాకా ఎక్కడైనా. మొదటి రెండింటిలో ఇద్దరూ ఒకేసారి తాకితే దాడి హక్కు ఎవరిదో రెఫరీ తేల్చాలి. ఎపీలో ఆ తకరారు లేదు. ముందు తాకినవాళ్లకే పాయింటు, సెకనులో ఇరవై ఐదో వంతు లోపు ఇద్దరూ తాకితే ఇద్దరికీ. ఈ శిబిరంలో ఎపీనే నేర్పుతున్నారు. అది సరైన ఎంపిక అని నా నమ్మకం. ఫాయిల్, సేబర్‌లకు జాకెట్ మీద లోహపు దారంతో నేసిన ఇంకో కోటు కావాలి, ఎపీకి అక్కర్లేదు. ఖర్చు తగ్గుతుంది. అనుభవమున్న రెఫరీలు దొరకని ఊళ్లో మొన తాకితే వెలిగే లైటు చెప్పిందే తీర్పు కావడం ఇంకో మేలు.

నిర్మల్ నుంచి వచ్చిన ఒక పిల్లాడిది పుర్రచెయ్యి. ఇంట్లో అన్నం కుడిచేత్తో తిననందుకు, బడిలో పలక ఎడమచేత్తో పట్టినందుకు తిట్లు తిన్నాడట. ఇక్కడ అతనితో ఆడాలంటే అందరూ జంకుతున్నారు. సాధన అంతా కుడిచేతివాళ్లతోనే కాబట్టి, ఇతని కత్తి వచ్చే వైపు ఎవరికీ అలవాటు లేదు. మేడం ప్రతి ఒక్కరినీ రోజుకు ఒకసారి అతని ముందు నిలబెడుతోంది. ఇన్నాళ్లూ దిద్దుకోమన్న చేతి కోసం ఇప్పుడు వరుస కడుతున్నారని ఆ పిల్లాడికి తెలుసు. మాస్కు తీసిన ప్రతిసారీ ముఖం వెలిగిపోతోంది.

మధ్యాహ్నం వరండా మూలన ఒక బల్ల మీద మరమ్మతు. ఎపీ మొన కింద చిన్న స్ప్రింగు, దాని నుంచి కత్తి గాడి వెంబడి సన్నని తీగ, పిడి దగ్గర ప్లగ్గు, అక్కడి నుంచి చొక్కా లోపలి తీగ, పిస్ట్ చివర రీలు, చివరికి లైట్ల పెట్టె. ఇందులో ఎక్కడ తెగినా తాకిన పాయింటు రాదు. కత్తిని నిలువుగా పట్టి మొన మీద 750 గ్రాముల బరువు పెడతారు. స్ప్రింగు ఆ బరువును పైకి నెట్టగలగాలి. నెట్టలేకపోతే విప్పి స్ప్రింగు మార్చాలి. పెద్ద పిల్లలిద్దరు ఈ పని నేర్చుకుని, టెస్టర్ పట్టుకుని ఒక్కో కత్తీ చూస్తున్నారు. పగులు కనిపించిన బ్లేడును మేడం మరో మాట లేకుండా పక్కన పడేసింది. 1982లో రోమ్ ప్రపంచ పోటీల్లో సోవియట్ ఆటగాడు వ్లాదిమిర్ స్మిర్నోవ్, విరిగిన బ్లేడు మాస్కు చీల్చుకు రావడంతో చనిపోయాడు. ఆ తర్వాతే ప్రపంచమంతటా మాస్కుల, జాకెట్ల, బ్లేడు ఉక్కు ప్రమాణాలు కఠినమయ్యాయి. ఆ మాట పిల్లలకు దాచకుండానే చెప్పారు. అందుకే కత్తి పట్టేముందు ఎవరి మాస్కు వాళ్లు నొక్కి చూసుకుంటున్నారు.

కత్తులు అందరికీ చాలవు. మిగిలినవాళ్లకు వెదురు కర్రలు, కొసకు గుడ్డ ఉండ. ఆదిలాబాద్ అడవుల పిల్లలకు వెదురు కొత్త కాదు. చెన్నై అమ్మాయి భవానీ దేవి కూడా బడిలో ఇలాంటి కర్రలతోనే మొదలుపెట్టి, టోక్యో ఒలింపిక్స్‌లో ఆడిన తొలి భారత ఫెన్సర్ అయింది. సేబర్‌లో మొదటి బౌట్ 15-3తో గెలిచి, రెండోదాంట్లో ఫ్రాన్స్‌కు చెందిన మనోన్ బ్రునే చేతిలో 7-15తో ఓడింది. ఆ రెండు బౌట్ల వీడియోలూ పిల్లలు మళ్లీ మళ్లీ పెట్టించుకుంటున్నారు, ఓడిందే ఎక్కువసార్లు. ఎక్కడ చెయ్యి ముందే చాచిందో వేలు పెట్టి చూపిస్తున్నారు.

కర్రతో కాళ్లు కుదురుతాయి, బౌట్ ఆడటం మాత్రం కుదరదు. మాస్కూ జాకెట్టూ లేనిదే ఎదురెదురు నిలబెట్టలేరు. నన్ను కలవరపెట్టింది ఇదే. జూన్‌లో బడులు తెరవగానే ఈ సామానంతా మూటగట్టుకుని వచ్చిన చోటికే వెళ్లిపోతుంది. కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో క్రీడా పాఠశాలలున్నాయి. చిన్న తరగతిలోనే పరుగు, గెంతు, మెడిసిన్ బాల్ విసురు చూసి పిల్లలను తీసుకుంటారు. ఆ ఎంపికకు అందనివాళ్లే ఇక్కడ ఎక్కువ. కత్తి చూడటానికే వాళ్లకు మళ్లీ వేసవి రావాలంటే, ఈ తొడల నొప్పి దేనికి పడినట్టు? నాలుగు మాస్కులు, నాలుగు జాకెట్లు, నాలుగు ఎపీలు, ఒక లైట్ల పెట్టె జిల్లాకొక బడిలో వదిలితే ఏడాదంతా ఆట నడుస్తుంది. శిబిరాల మీద పెట్టే డబ్బులో ముందు వాటా దీనికి పోవాలి.

మేడం తన వంతు మొదలుపెట్టింది. చివరి వారం చుట్టుపక్కల బడుల పీఈటీలను పిలిపించింది. నేనున్న సాయంత్రం ఇద్దరు సార్లు వచ్చారు, ఒకాయన ఉట్నూరు వైపు నుంచి. వాళ్లకూ కత్తి ఇవ్వలేదు. గీత మీద నిలబెట్టి మోకాళ్లు వంచమంది, దిద్దే పని పిల్లలకు అప్పగించింది. ఆసిఫాబాద్ అమ్మాయి ఉట్నూరు సార్ వెనక్కి వెళ్లి చూసి, ‘‘సార్, మడమ లేస్తున్నది’’ అంది. ఆయన సరిచేసుకుని, బడి తెరిచాక వారానికి ఎన్ని రోజులు సాధన పెట్టొచ్చో మేడంను అడగడం మొదలుపెట్టాడు.